బెండ ఆకు తిప్పి చూడండి



ఈ రోజు బెండతోట గురించి మాట్లాడుకుందాం. బెండకాయ రెండు రోజులకోసారి కోయాలి. కోసేది ఎవరు? మనమే. తోటలో కొట్టిన మందు ముందుగా అంటుకునేది మన చేతులకే. తర్వాత కూర తిన్న పిల్లల కడుపులోకి పోతుంది. అందుకే మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి. దొంగ ఎవరో తెలియకుండా కర్ర ఎత్తితే ఏం లాభం?

ఆకు అడుగున పచ్చగా, చిన్నగా ఉండి అడ్డంగా నడిచేది పచ్చదోమ. అది రసం పీలిస్తే ఆకు అంచులు పసుపురంగుకు మారి ముడుచుకుంటాయి.

తెల్లగా పిండి రేణువులా ఎగిరేది తెల్లదోమ. ఇది పల్లాకు తెగులును మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. ఆకు ఈనెలు పసుపుగా మారతాయి. ఆ తెగులు వచ్చిన మొక్క ఇక బాగుపడదు. కనపడగానే పీకి పూడ్చేయండి.

ఎండాకాలంలో సన్నటి సాలెగూడు, కదిలే ఎర్రచుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. దీనికి ఎనిమిది కాళ్లు. ఇది సాలీడు జాతిది. చాలా పురుగుమందులకు ఇది చావదు. దీన్ని తినే అక్షింతల పురుగులు మాత్రం చస్తాయి. అప్పుడు నల్లి ఇంకా పెరుగుతుంది. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, చల్లటి పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టండి.

మొవ్వు వాడి వేలాడితే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. ఆ కొమ్మను, పుచ్చుకాయలను తుంచి నాశనం చేయండి. గట్టు మీద పడేస్తే పురుగు మళ్లీ తోటలోకే వస్తుంది.

దోమలకు మొదట్లోనే వేప కషాయం మంచిది. అర కిలో వేపపప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిండి, వడకట్టి, పది లీటర్లు చేయండి. కొంచెం సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టండి.

అప్పటికీ మందు కొనాల్సి వస్తే డబ్బా మీది కాగితం చదవండి. మనం అక్షరాలు నేర్చింది సంతకం కోసమేనా? డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అతి విషం. పసుపు దాని తర్వాతది. నీలం ఇంకా తక్కువ. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. దుకాణంవాడు ఇచ్చినా వద్దనండి.

మందు కొట్టాక ఎన్ని రోజులు కోయకూడదో కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. కోత అయ్యాకే మందు కొట్టండి. ఆ రోజుల్లో ముదిరిన కాయలను పారేయండి. నాలుగు కాయలు పోతే పోయాయి, మనిషి ముఖ్యం.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ పురుగు కనిపించింది, ఏం కొట్టాం, ఏ తేదీన కొట్టాం, ఏ తేదీన కోయాలి, ఈ నాలుగు ముక్కలూ మీ చేత్తో రాయండి. ఇంట్లో మగవాళ్లకు కూడా చదివి వినిపించండి.