గాలితుపాకిని ఎన్నుకొనుట

సెలవుల దినములలో మార్కాపురము, గిద్దలూరు, కంభము వైపు ఇండ్లలో కుర్రవాండ్రు గాలితుపాకి కొనిపెట్టుమని తండ్రులను వేధించుట క్రొత్త సంగతి కాదు. అంగడిలో తండ్రి ధర అడుగును. కొడుకు అది ఎంత దూరము కొట్టునని అడుగును. గుండు తగిలిన ప్రాణి ఏమగునని అడుగువారు అరుదు. మేము ఈ ప్రసంగమును ఆ మూడవ ప్రశ్నతోనే మొదలుపెట్టుచున్నాము. ఏ తుపాకి మంచిదన్న నిర్ణయమంతయు దానిలోనే ఇమిడియున్నది.

మందు కూరిన వేటతుపాకి ఒక్కసారిగా పెక్కు రవ్వలను వెదజల్లును. గాలితుపాకి విడుచునది ఒక్క గుండు. 4.5 మిల్లీమీటర్ల గొట్టమునకు సరిపడు ఆ సీసపు గుండు బరువు ఇంచుమించుగా అరగ్రాము. అది సెకనుకు 200 మీటర్ల వేగముతో వెడలినచో దాని శక్తి 10 జౌలులు. నడుము సన్నగానుండు ఆ గుండును గాలి త్వరగా నిలువరించును. వేగము సగమైనచో శక్తి నాలుగవ వంతే మిగులును. అందుచేత పది గజములలో చెక్కలో దిగబడిన గుండు, దూరమున నున్న కుందేలు చర్మమును చీల్చి, ఎముకను తాకి ఆగిపోవచ్చును. ఆ కుందేలు అక్కడ పడదు, పొదలో దూరును. కొట్టినవాడు గురి తప్పినదనుకొని ఇంటికి వచ్చి అన్నము తినును. అది పొదలో ఎన్ని దినములు బాధపడునో చూచువారుండరు.

ఇంగ్లండులో పంటలను పాడుచేయు కుందేళ్లను గాలితుపాకితో కొట్టుట చట్టసమ్మతమే. అక్కడ లైసెన్సు లేకుండ ఉంచుకొనదగిన గాలితుపాకికి హద్దు 12 అడుగు-పౌనులు, అనగా సుమారు 16 జౌలులు. ఇంత స్వల్పశక్తితో ప్రాణిని హింసింపక చంపుటెట్లని ఆలోచించి అక్కడి అనుభవజ్ఞులు ఒక కొలతను ఏర్పరచుకొన్నారు. గురి ఎల్లప్పుడు తలకే. రూపాయి బిళ్ళంత చోటులో వరుసగా ప్రతి గుండును నిలుపగల దూరమెంతయో అంతవరకే వేట. చాలమందికి ఆ దూరము ముప్పది గజములు దాటదు. గాలి వీచుచున్నను, చేయి వణకుచున్నను అదియు తగ్గును. విల్లంబులతో వేటాడిన నల్లమల చెంచులకు ఈ సంగతి ఒకరు నేర్పవలసిన పని లేకపోయినది; అలికిడి లేక దూరమును తగ్గించుటయే వారి విద్య.

ఇక మన ప్రాంతపు మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో మొదట చిన్న వేటకు ప్రత్యేకముగ లైసెన్సు ఉండెడిది. పెద్దలు కొందరు ఆ రోజులను తలచుకొని, కుందేలు, కౌజు పిట్ట కొట్టుటలో తప్పేమని ఇప్పటికిని వాదింతురు. 1991 సవరణతో ఆ లైసెన్సుల కాలము ముగిసినది. ఇప్పుడు కుందేలు, కౌజు, పూరేడు, గువ్వ, కంభము చెరువునకు వచ్చు నీటిపక్షి, ఏదియు వేటకు తగదు. పట్టుబడినచో మూడేండ్ల వరకు చెర, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును పడవచ్చును; పులి, నెమలి వంటి వాని విషయములో శిక్ష ఇంకను కఠినము. గిద్దలూరు ప్రక్కనున్న గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యములోనికి గాని, దోర్నాల మీదుగా శ్రీశైలము పోవు దారిలోని పులుల అడవిలోనికి గాని వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఆయుధముతో ప్రవేశించుటయే నేరము. ప్రాణిని గాయపరచగల సాధనమేదైనను చట్టము దృష్టిలో ఆయుధమే. కనుక యాత్రకు బయలుదేరునప్పుడు కారులో గాలితుపాకి ఉన్నదేమో చూచుకొనుట మేలు.

2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము 4.5 మిల్లీమీటర్ల గొట్టమును, 20 జౌలుల శక్తియు మించని గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. దీనిని విని వేటకును అనుమతి అక్కరలేదని కొందరు భ్రమపడుదురు. తుపాకి ఉంచుకొనుట వేరు, దానితో ప్రాణిని కొట్టుట వేరు.

అయినచో మన ఇంటికి ఎట్టి తుపాకి తగును? వేటగానికి చెప్పిన కొలతయే కాగితపు గురికిని చెల్లును. అంగడివాడు వేగపు అంకెను గొప్పగా చెప్పును. దానిని నమ్మి కొనరాదు. తేలిక గుండును ధ్వనివేగమునకు సమీపముగ తరిమినచో అది చలించి గురి చెడును. గొట్టమును వంచి స్ప్రింగును బిగించు రకము చవుక, మన్నికయు కలది. అయితే స్ప్రింగు విడివడునప్పుడు తుపాకి ముందువెనుకలకు కదలును. దానిని గట్టిగా అదుముకొనక తేలికగా పట్టుట నేర్వవలెను. గుండు పెట్టకుండ దానిని ప్రేల్చినచో లోపలి భాగములు చెడును. ముందుగనే గాలి నింపియుంచు రకము కదలదు, గురి నిలుచును, ఖరీదు మాత్రము పెక్కురెట్లు. మీట మెత్తగా జారవలెను. కర్ర కుర్రవాని భుజమునకు సరిపోవలెను. పెద్దవాడైన తరువాత సరిపోవునులే అని పెద్ద తుపాకి కొనుట, పెద్ద చెప్పులు కొనుట వంటిదే. రెండు మూడు రకముల గుండ్లు తెచ్చి, ఇసుక మూటపై తుపాకిని ఆనించి, పది మీటర్లలో ఒక్కొక్క రకము అయిదేసి ప్రేల్చి చూడుడు. ఏది దగ్గర దగ్గరగా పడునో అదియే ఆ తుపాకి గుండు.

ఈ పది మీటర్ల ఆటను చిన్నదిగా చూడనక్కరలేదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రాకు స్వర్ణమును, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగునకు కాంస్యమును తెచ్చినది ఇదియే. ఆ ఆటలో పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. గువ్వను కొట్టితినని చెప్పుకొను కుర్రవానిని ఒకమారు ఆ చుక్కను కొట్టిచూడుమనుడు.

మార్కాపురములో పలక ముక్కలకు కొదువ లేదు. వానిని గురిగా నిలుపుట మాత్రము కూడదు. గుండు రాతిని తాకి ఎగిరి కంటికి తగులును. గోనెసంచిలో పాతగుడ్డలు దట్టముగా కూరి, దానిపై కాగితము అంటించి, వెనుక మట్టిగోడ ఉండునట్లు నిలుపుడు. ఆ వైపునకు మనుష్యులు గాని గొడ్లు గాని రాకుండవలెను. గుండ్లు సీసముతో చేసినవి కనుక, ఆట ముగిసిన పిదప పిల్లలు చేతులు బాగుగ కడుగుకొనిన తరువాతనే వారికి భోజనము వడ్డింపవలెను.