మన పాట నిడివి ఎంత, ధర ఎంత?



థింసా పాటలతో ఆల్బమ్ తేవాలనుకుంటున్నారట, సంతోషం. ఎన్ని పాటలు పెట్టాలి, ఎంతకు అమ్మాలి అని అడిగారు.

ఆల్బమ్ నిడివిని తేల్చింది సంగీతం కాదు, పరికరం. పాత 78 రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది. 1948లో వచ్చిన ఎల్‌పీలో వైపుకు ఇరవై నిమిషాల పైన. తర్వాత గంట క్యాసెట్టు, 74 నిమిషాల సీడీ. ఫోనులో ఆ హద్దే లేదు. అలాగని ఇరవై పాటలు కుక్కకండి. తెల్లవార్లూ ఆడేవాళ్లకు అలుపు రాదేమో గానీ, కూర్చుని వినేవాళ్లకు వస్తుంది. నా లెక్కలో ఆరు పాటలు, ముప్పై అయిదు నిమిషాలు చాలు. ఒక్క పాటనైనా తుడుము, కిరిడి జోరు తగ్గకుండా పూర్తిగా ఉంచండి.

ఇక డబ్బు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే లెక్కకొస్తుంది. 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు పైసా రాదు. అది పరిచయానికే అనుకోండి. నేరుగా అమ్మితే వంద రూపాయలు పెట్టండి. ఒకరు కొంటే ఊరంతా పంచుకుంటారు, తెలిసిందే!

ఆ వందలో ఎవరి వాటా ఎంత? మా ఊళ్లో మోరి ఊదే తాతను ఒక క్యాసెట్ల కంపెనీ భోజనం పెట్టి, బస్సు చార్జీ ఇచ్చి పంపేసింది. క్యాసెట్టు మాత్రం సంతల్లో ఏళ్లపాటు అమ్ముడైంది. అట్ట మీద ఆయన పేరు కూడా లేదు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత వాణిజ్యంగా వాడుకుంటే కళాకారుడికీ రాయల్టీ హక్కుంది. వాయించేవాళ్ల పేర్లు, వాటాలు కాగితం మీద రాసి, చదివి వినిపించి, అప్పుడే మైకు పెట్టండి. చదువురాని పెద్దలకు మన భాషలోనే వినిపించండి.