నడిస్తేనే బాట

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును పిలిస్తే ఏ వంతెన గురించో, యంత్రం గురించో మాట్లాడతాడనుకుంటారు. నేను నడక బాటల గురించి మాట్లాడతాను. పొద్దున్నే మైదానంలో పది చుట్లు తిరిగే నడక కాదు. ఊరి నుంచి ఊరికి చేల మధ్యగా, వాగు పక్కగా, గుట్ట కిందుగా పోయే బాటల సంగతి. మనలో సగం మంది ఈ బడికి అలాంటి బాటల మీదే వచ్చాం. చెప్పులు చేతిలో పట్టుకొని వాగు దాటి, ప్రార్థన మొదలయ్యేలోపు గేటు దగ్గరికి చేరిన వాళ్లం.

కొన్నేళ్ల కింద ఉద్యోగం పని మీద ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో కొన్ని నెలలు ఉన్నాను. అది ద్రాక్షతోటల సీమ. కొందరు అప్పుడే నవ్వుతున్నారు. నేను తోటల్లో నడిచిన సంగతి మాత్రమే చెబుతాను, మిగతాది అడగకండి. ఆదివారం పూట రైల్లో బోన్ అనే పట్టణంలో దిగేవాణ్ని. అక్కడి నుంచి పొమ్మార్, వోల్నే, మెర్సో ఊళ్ల మీదుగా తోటల మధ్య నడిచి, మెర్సోలో రైలెక్కి వెనక్కి వచ్చేవాణ్ని. తోట ఎవరిదో తెలియదు. బాట మాత్రం అందరిదీ. ఎవరూ ఆపలేదు, ఎటు పోతున్నావని అడగలేదు.

ఆ తోటల్లో ఒక్కో చెక్కకు ఒక్కో పేరుంది. అలాంటి పేరున్న చెక్కలు వెయ్యికి పైగా ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాట విన్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. బాయికాడి మడి, మర్రికాడి చెలక, తూము కింది పొలం అని ఆమె ప్రతి చెక్కనూ పేరు పెట్టే పిలిచేది. మనకూ పేర్లున్నాయి, రాసిపెట్టుకోలేదు అంతే.

అక్కడి బాటలు వాటంతట అవే మిగల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో, లువార్ నది వెంబడి ఓర్లెయాన్, బోజాన్సీ పట్టణాల మధ్య మొదటి దూరనడక బాటకు గుర్తులు పెట్టారు. ఆ గుర్తు రెండు చిన్న పట్టీలు. పైన తెలుపు, కింద ఎరుపు. చెట్టు మీదో, రాయి మీదో, గోడ మూల మీదో కనిపిస్తుంది. దారి తప్పి వేరే బాట పట్టారంటే అక్కడ ఇంటూ గుర్తు ఉంటుంది. ఈ రంగులు వేసేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే, చిన్న రంగు డబ్బా, కుంచె పట్టుకొని. ఇప్పుడు ఆ దేశంలో గుర్తులున్న బాటలు లక్ష కిలోమీటర్లు దాటాయి.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 1983లో అక్కడి జిల్లాల పాలక మండళ్లకు నడక బాటల జాబితా తయారుచేసే బాధ్యత అప్పగించారు. ఆ జాబితాలో ఉన్న పల్లె బాటను అమ్మాలంటే దానికి బదులు ఇంకో బాట చూపించాలి. చూపించకపోతే ఆ అమ్మకం చెల్లదు. నన్ను ఆ తోటల అందం కన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఈ ఒక్క నిబంధన.

ఇక మన వైపు వద్దాం. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడింటినీ గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ఒక వైపు నది, ఒక వైపు కాలువ, ఒక వైపు గుట్టలూ అడవీ.

మొదటిది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు దాటి, సోలిపేట దగ్గర మన ప్రాజెక్టులో ఆగి, అక్కడి నుంచి దక్షిణంగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి. సోలిపేట నుంచి వాడపల్లి దాకా నది వెంట నడిస్తే ఈ ప్రాంతం వ్యవసాయమంతా చూసినట్టే. అంతా అందమేనని నేను చెప్పను. మూసీ నగరం మురుగును కూడా మోసుకొస్తుంది. కారులో వంతెన దాటేవాడికి అది ఒక్క నిమిషం వాసన. ఒడ్డున నడిచేవాడికి అది ప్రశ్న అవుతుంది.

రెండోది సాగర్ ఎడమ కాలువ, మన లాల్ బహదూర్ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, మన ఇళ్లలో చదువులకు ఆ నీళ్లే మూలం. వేములపల్లి దాటి, మధ్యలో మూసీని దాటి, మునగాల, నడిగూడెం మీదుగా పాలేరు వైపు పోతుంది. దాని కట్ట మీద బాట ఉంది. ఒకప్పుడు లస్కర్లు ఆ బాట మీద రోజూ నడిచేవాళ్లు. కట్టకు ఎక్కడ చెమ్మ పట్టిందో, ఎక్కడ ఎలుక బొరియ పడిందో నడిచేవాడి కంటికే కనిపిస్తుంది, జీపులో పోయేవాడికి కనిపించదు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు నడిగూడెం మండలంలో ఈ కాలువకు గండి పడింది. కట్ట అంటే ఏమిటో ఆ రోజు కోదాడ వైపు వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడోది కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చే వైపు. జాతీయ రహదారి మీద గంటలోపే వచ్చేస్తాం. చివ్వెంల మండలంలో ఉండ్రుగొండ గుట్టల మీద పాత కోట ఉంది, చుట్టూ అడవి ఉంది. బస్సు కిటికీలోంచి ఆ గుట్టల్ని వందసార్లు చూసినవాళ్లు ఈ హాలులో ఎందరో ఉన్నారు. ఎక్కినవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. మనం మాత్రం ఫణిగిరి దాకా వెళ్లలేదు.

మనకు నడక కొత్తేమీ కాదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు, ఏటా జాన్‌పహాడ్ ఉర్సుకు జనం నడిచిపోయే నేల ఇది. అయితే జాతరలు అయిపోయాక బాటలు ఏమవుతున్నాయి?

మీకు నక్షబాట అనే మాట తెలుసు. గ్రామ నక్షలో చుక్కల గీతలుగా కనిపించే బండ్ల బాట, కాలిబాట. అది ఏ ఒక్కరి పట్టా కాదు, ఊరందరిదీ. మన బ్యాచ్ మిత్రుడొకడు వ్యవసాయం చేస్తాడు. వాళ్ల పొలానికి పోయే నక్షబాటను రెండు పక్కల వాళ్లు ఏడాదికో సాలు చొప్పున దున్నుకుంటూ వచ్చారు. చివరకు ఒక కొసన ప్లాట్ల కోసం కడీలు పాతి కంచె వేశారు. ఇప్పుడు వరికోత మిషను అతని పొలంలోకి పోవాలంటే పక్కవాళ్ల కోత అయ్యేదాకా ఆగాలి, లేదా బతిమాలాలి. పోయిన ఏడు పండిన వడ్లు వానలో తడిశాయి. అమ్ముకుందామంటే బాట లేని భూమికి ధర లేదు. ఎద్దుల బండ్లు పోయాయి, బడిపిల్లలు బస్సులెక్కారు, బాట మీద కాలు పెట్టేవాడు లేడు. కాలు పడని బాటను నాగలి తినేస్తుంది. ఇందులో దుర్మార్గం కన్నా మన గైర్హాజరే ఎక్కువ.

అందుకే సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. యాభై ఏళ్ల గుర్తుగా ఆర్చి కట్టాలని కొందరన్నారు. కట్టండి, కాదనను. దాంతోపాటు ఒక బాటను కూడా నిలబెడదాం. ఒక్కో బ్యాచ్ తమ ఊరి వైపు ఒక్కో బాటను తీసుకోవాలి. గ్రామ నక్ష నకలు తెచ్చుకొని, బాట ఎక్కడుందో, ఎక్కడ తెగిందో నడిచి చూసి రాయాలి. సెల్‌ఫోను ఉంటే చాలు, కొలత అదే చెబుతుంది. పెద్దమనుషులతో, పక్క రైతులతో కూర్చొని మాట్లాడాలి. కేసులతో మొదలుపెట్టొద్దు, చాయ్‌తో మొదలుపెట్టాలి. ఒప్పుకున్న చోట పంచాయతీ తీర్మానం చేయించి, రాళ్లకు రంగు వేయాలి. ఆ రంగేదో మన డ్రాయింగ్ సారే చెప్పాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇంజనీరును కదా. కాలువ లైనింగు నున్నగా ఉంటుంది, జారితే ఈత వచ్చినవాడు కూడా పైకి రావడం కష్టం. అందుకని పెద్దలు లేకుండా పిల్లల్ని కట్ట మీదికి తీసుకుపోవద్దు. నీటిపారుదల శాఖకు ముందే చెప్పాలి. కోతలయ్యాక కార్తీకం నుంచి మాఘం దాకానే మనకు నడక కాలం. ఎండాకాలం ఈ ఊసే వద్దు.

మొదటి నడక పిల్లలమర్రికి పెట్టుకుందాం. పొద్దున బయలుదేరితే ఎండెక్కేలోపు చేరే దూరం. కాకతీయుల కాలంలో రేచర్ల సామంతులు అక్కడ గుళ్లు కట్టించారు. ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ అనే స్త్రీ కట్టించింది. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గుడికి జనం ఏదో ఒక బాటన వస్తూనే ఉన్నారు. ఆ బాటల్లో ఒక్కటైనా మన పిల్లల కాళ్లకు మిగలాలి.

వచ్చే కార్తీక మాసం మొదటి ఆదివారం, పొద్దున ఆరు గంటలకు, బడి గేటు దగ్గర కలుద్దాం. మోకాళ్ల నొప్పులున్న గురువులకు వెనకాల ఆటో ఉంటుంది. మిగతావాళ్లు గట్టి చెప్పులు వేసుకొని, ఒక నీళ్ల సీసా తెచ్చుకోండి. సెలవు.