పశ్చాత్తాపము ఎవరి వంతు?



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ ఉపదేశిగారు రేపల్లె తాలూకా పల్లెలలో జీవితమెల్ల గడిపినవారు. సంస్కారపు ఆదివారమునకు ముందటి రాత్రి ఆయన లాంతరు చేతబట్టి, తనతో మాటలు లేని యింటికి తానే పోయి, అరుగుపై కూర్చుండి, “నావలన మీకు కలిగిన కష్టమేమో చెప్పుడు” అని అడిగెడివారు. అది క్రైస్తవుల యిల్లా, కాదా యని చూచెడివారు కారు. అర్పణమును బలిపీఠము చెంత విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమన్న కొండమీది బోధ ఆయనకు ప్రసంగాంశము కాదు, శనివారపు పని. ఆ బోధలో మనము తరచు దాటిపోవు నంశమొకటి కలదు: మనకెవరిపై కోపమున్నదో వారిని గూర్చి కాదు, మనపై నెవరికి అభ్యంతరమున్నదో వారిని గూర్చి ప్రభువచట పలికెను. సంఘము బయటివారి కడకు పోవునపుడు, వారి పాపములు చెప్పుటకు పోవలెనా, తనపై వారికిగల అభ్యంతరమును వినుటకు పోవలెనా యను ప్రశ్న ఇందుండియే పుట్టుచున్నది.

ఈ ప్రశ్నకు మన సీమలోనే ఒక చరిత్ర యున్నది. బాపట్లకును చీరాలకును నడుమ రైలుమార్గమున నున్న స్టువర్టుపురము పేరు విననివారు తెలుగునాట అరుదు. విన్నవారు విన్నది మాత్రము దొంగతనమును గూర్చియే. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసి, 1911లో మద్రాసు రాజధానికిని విస్తరింపజేసిన నేరస్థ జాతుల చట్టము, మనుష్యుని చేతలను విచారింపక పుట్టుకను బట్టియే వానిని నేరస్థునిగా నెంచినది. ఆ చట్టమునకు గురియైన ఎరుకలవారు అంతకు పూర్వము గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పును ధాన్యమును వేసికొని, తీరమునకును మెట్టసీమకును నడుమ తిరిగి వర్తకము చేసికొనెడివారు. ఉప్పుపై సర్కారు గుత్తయు, సరకులు మోయు రైలును వచ్చి వారి నోట మన్ను కొట్టిన పిమ్మట, ఆ తిరుగుటయే నేరముగా పరిణమించినది.

1913 ప్రాంతమున రక్షణ సైన్యమువారు వారికై స్టువర్టుపురమున నొక సెటిల్మెంటు నెలకొల్పిరి. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడగు సర్ హెరాల్డ్ స్టువర్టు పేర దానికి నామకరణము జరిగినది. 1882లో ఆ సైన్యమును ఈ దేశమునకు తెచ్చిన ఫ్రెడరిక్ టక్కరు, సివిలు సర్వీసు ఉద్యోగమును వదలుకొని, కాషాయము ధరించి, ఫకీర్ సింగు అను పేరు పెట్టుకొని, చెప్పులులేని కాళ్లతో పల్లెలు తిరిగినవాడు; ఆ త్యాగమును నేను తక్కువచేసి చెప్పజాలను. బడి పెట్టినది ఆ సైన్యమువారే, సేద్యమునకు పూనుకొనజేసినది వారే, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి చూపించినదియు వారే. ఐనను, దొరతనము పక్షమున ఎరుకలవారి హాజరు పట్టీ చేతబట్టినవాడును, క్రీస్తు పక్షమున పాపక్షమాపణ ప్రకటించినవాడును ఒక్కడే యగుట వలన ఎట్టి చిక్కు కలిగెనో యోచింపుడు. పగలు కరుణాపీఠము ముందు మోకరిల్లి కన్నీరు కార్చిన మనుష్యుడు, చీకటి పడగానే అదే యావరణములో హాజరు పలుకవలెను. పొరుగూరి చుట్టమింట శుభకార్యమునకు పోవలెనన్నను చీటి వ్రాయించుకొనవలెను. దేవుడు క్షమించినానన్న పిమ్మటను పట్టీలో పేరు కొట్టివేయబడదాయెను. దొంగిలించినవాడు దొంగతనమునకు పశ్చాత్తాపపడవచ్చును. పట్టీకెక్కిన కులమున పుట్టినందుకు పసివాడు దేనికి పశ్చాత్తాపపడవలెను?

మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను ఆ చట్టము రద్దయినది. రద్దయినదే కాని, దానికై యెవరును మోకరిల్లలేదు. ఊరి పేరు సినిమాల పేరైనది. ఆ యూరి పిల్లవాడు బడిలో ఊరి పేరు చెప్పుటకు జంకుచునేయున్నాడు.

ఆ తరువాత ఆ యూరికి వచ్చినవారి కథ మనల నింకను కదలింపవలెను. గుఱ్ఱం జాషువ కవిగారి కుమార్తె హేమలతయు, ఆమె భర్త, నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడు లవణమును 1970లలో స్టువర్టుపురమునకు పోయి, నేరవృత్తిలో నున్నవారి యిండ్లలో కూర్చుండి, వారి మాట విని, పోలీసులతోను ప్రభుత్వముతోను వారి పక్షమున వాదించి, సంస్కార్ అను సంస్థ ద్వారా పని సాగించిరి. లవణము వినోబాజీ పాదయాత్రలలో ఆయన మాటలను తెలుగు చేసినవాడు. చంబలు లోయలో బందిపోట్లు 1960లో వినోబా యెదుట ఆయుధములు దించిన వార్త లవణమునకు దూరపు వార్త కాదు. క్రీస్తు చరిత్రను కావ్యముగా రచించిన కవి బిడ్డ, దేవుడు లేడన్న యింటి కోడలై, సంఘము చేయవలసిన పనికి పూనుకొన్నది. ఆమెను మనలో కలుపుకొని గర్వించుటకు మనకు హక్కు లేదు. ఆమె నుండి నేర్చుకొనుటకు మాత్రము సంపూర్ణమైన హక్కున్నది.

యెరికోలోని జక్కయ్యను తలంపుడు. మేడిచెట్టు దిగినవాడు కన్నీటితో ఆగలేదు. ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలును లెక్క చెప్పెను. అతడు సుంకరి, అనగా అధికారము గలవాడు. పశ్చాత్తాపము మొదట నెవరికి చెల్లునో ఆ కథ చెప్పుచున్నది.

ఈ ప్రశ్న స్టువర్టుపురముతో ముగియలేదు; తెనాలి సమీపమున చుండూరున్నది. 1991 ఆగస్టు 6న అచట 8 మంది దళితులు హతులైరి. ఆ యూరిలోనే ప్రత్యేక న్యాయస్థానము కూర్చుండి 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధింపగా, 2014లో హైకోర్టు అందరిని విడిచిపెట్టినది. ఆ వితంతువులకు, “క్షమింపుడు, మరచిపొండు” అని వేదికలనుండి చెప్పుట నాకు మిక్కిలి బాధ కలిగించును. వచ్చి తప్పు ఒప్పుకొన్నవాడొక్కడును లేనపుడు వారు క్షమింపవలసినది ఎవరిని? క్షమాపణము బాధితుని సొత్తు. అతని పక్షమున దానిని పంచిపెట్టుటకు బోధకునికిగాని, సంఘమునకుగాని అధికారము లేదు.

కావున పెద్దలకు నా విన్నపము. వచ్చు శ్రమకాలపు నలువది దినములలో, కరపత్రములును మైకులును లేకుండ, ఇద్దరిద్దరు చొప్పున స్టువర్టుపురమునకును చుండూరునకును పొండు. పోయి, మావలన మీకేమి కష్టము కలిగెనని అడుగుడు. చెప్పినది వ్రాసికొని వచ్చి, ఈస్టరునకు ముందే సంఘ సమావేశములో చదివి, అందులో మనము తీర్చగలిగినదానికి, ఫీజుగాని, భూమిగాని, సాక్ష్యముగాని, పూచీపడినవారి పేర్లు అదే సమావేశములో వ్రాయింపుడు.