టీవీలో మాట వినపడాలంటే

ఇప్పటి టీవీల్లో బొమ్మ పెద్దదైంది, మాట మాత్రం చిన్నబోయింది. పాట వస్తే హోరు, మాట వస్తే గొణుగుడు. "ఏమన్నాడ్రా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతూనే ఉంటారు. పాపం, అన్నిసార్లూ వాళ్ల చెవులది కాదు తప్పు.

పాత డబ్బా టీవీల్లో స్పీకరు సాధారణంగా మనవైపు చూసేది. పలచటి టీవీలో దానికి చోటు లేదు. అందుకే చాలావాటిలో చిన్న స్పీకర్లు కిందికో, వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం బల్లకో గోడకో తగిలి మన దగ్గరికొస్తుంది. మాట మసకబారేది అక్కడే.

దీనికి విరుగుడు సౌండ్‌బార్. అంటే టీవీ కింద పెట్టుకునే పొడవాటి స్పీకరు పెట్టె. దీని మాట మనవైపే వస్తుంది. దాన్ని గూట్లో దాచకండి. బల్ల అంచు దాకా ముందుకు జరపండి.

ఇక సౌండ్‌బార్‌ను టీవీకి కలిపే వైరు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ అని ఉన్నచోట ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. వైరు అందులోనే పెట్టాలి. మళ్లీ చెబుతున్నాను, ఏఆర్‌సీ అని ఉన్నదాంట్లోనే. అప్పుడు చాలా సెట్లలో టీవీ రిమోటుతోనే శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వైరు వాడండి. వైరు లేకుండా కలిపే బ్లూటూత్ పాటలకు హాయి. సినిమాకైతే ఒక్కోసారి పెదవులు ముందు, మాట వెనక.

విడిగా బేస్ పెట్టె ఉంటే గది మూలకు నెట్టకండి, గుడగుడ పెరిగి మాటను మింగేస్తుంది. కొనేముందు షాపులో పాట పెట్టించుకోకండి. వార్తలు పెట్టించుకుని వినండి.