కామా దగ్గర గొంతు ఆగకూడదు

సాయంత్రం ఆరు దాటాక తార్నాక సందుల్లో ఏదో ఒక ఇంట్లోంచి శ్రుతిపెట్టె వినిపిస్తుంది. దాని వెంటే తొడ మీద చేతి దెబ్బలు, పిల్లల గొంతులు, మధ్యలో టీచరుగారి కేక: "చెయ్యి ఆగింది, మళ్లీ మొదట్నుంచి!" ఉస్మానియాలో చదువుకుంటూ తీరికవేళ సంగీతానికి వచ్చే పెద్దపిల్లలకూ ఆ కేక తప్పదు. వాళ్ల ఫోన్లో పాట ఉంటుంది, సంచిలో పుస్తకం ఉంటుంది. లేనిదల్లా ఆ పుస్తకం చదివే అలవాటు.

ఈ చోటికి రాతా కొత్త కాదు, పాటా కొత్త కాదు. విశ్వవిద్యాలయం ఆవరణలో తాళపత్రాలు దాచిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. తార్నాకలో నిజాం కాలపు దస్తావేజులున్న రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఇక అడిక్‌మెట్ వైపు భూములు ఒకప్పుడు మాహ్ లఖా బాయి చందా జాగీరని చెబుతారు. గజళ్లు రాసి, పాడి, 1824లో కన్నుమూసిన ఆ విదుషి సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, మౌలాలిలో ఉంది.

సంగీతం పుస్తకంలోని స్వరలిపి చదవడంలో తెలుగువారికి బడిలోనే దొరికిన సౌకర్యం ఒకటుంది. ఒకటో తరగతిలో దిద్దిన హ్రస్వదీర్ఘాలే దానికి పునాది. 'స' అంటే ఒక అక్షరకాలం, 'సా' అంటే రెండు. ఇంగ్లీషు లిపిలో రాసుకునేవారు ఈ తేడా కోసం చిన్న అక్షరాన్ని పెద్దది చేయాలి. మనకు ఒక దీర్ఘం చాలు. చూడగానే నోరు దానంతటదే సాగుతుంది.

అయితే తెలుగు ఎం.ఎ. చదివేవారు బోల్తాపడే చోటు కూడా ఇక్కడే ఉంది. ఛందస్సులో లఘువంటే ఒకే మాత్ర. తాళంలో లఘువు జాతిని బట్టి 3, 4, 5, 7, 9 అక్షరాల్లో ఏదైనా కావచ్చు. పేరొకటే, కొలత వేరు. చేత్తో వేస్తే గొడవ తీరిపోతుంది: లఘువుకు ఒక దెబ్బ వేసి చిటికెనవేలి నుంచి లెక్క, ద్రుతానికి ఒక దెబ్బ, ఒక తిప్పు, అనుద్రుతానికి ఒక్క దెబ్బ. పుస్తకంలో నిలువుగీత, సున్నా, అరచందమామ ఈ మూడింటికీ గుర్తులు.

మిగతా గుర్తులు కొన్నే. స్వరం మీద చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం. పైన ఒక అడ్డగీత గీస్తే కాలం సగమవుతుంది, రెండు గీస్తే పావు. కామా వస్తే ఒక అక్షరం, సెమికోలన్ వస్తే రెండు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఈ కామా దగ్గరే. వాక్యంలో కామా ఆగమంటుంది. స్వరంలో కామా ముందున్న స్వరాన్నే నిలబెట్టమంటుంది. గొంతు ఆపితే పాటకు చిల్లు పడుతుంది.

సరళి వరసలు పురందరదాసు ఏర్పరచినవని సంప్రదాయం. మొదటి వరసలో ఎక్కేటప్పుడు 8 స్వరాలు, దిగేటప్పుడు 8. ఆదితాళం ఒక ఆవర్తానికి, అంటే ఒక చుట్టుకు, 8 అక్షరాలు. కనుక మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, రెండు ఆవర్తాలు పడుతుంది, రెండో కాలంలో ఒకటే. మూడో కాలంలో తాళంలో సగమైన లఘువు ముగిసేసరికే వరస అయిపోతుంది. మిగిలిన రెండు ద్రుతాల మీద ఇంకోసారి పాడితే గాని సమం అందదు. పుస్తకం మాత్రం ఒకే వరస అచ్చువేసి ఊరుకుంటుంది. ఈ లెక్క చెప్పేది చెయ్యే.

అసలు పరీక్ష తాళానికొకటిగా సాధన చేసే అలంకారాల్లో వస్తుంది. ఝంప తాళంలో 7 అక్షరాల లఘువూ ఒక అనుద్రుతమూ దాటాక చివరి ద్రుతంలో ఒకే స్వరం రెండక్షరాలు నిలవాలి. అది మొదటి మలుపు. అట తాళం ఇంకా గడుసుది. అందులో 5 అక్షరాల లఘువులు రెండు, ఒక్కోదానిలో మూడేసి స్వరాలే. మొదటి లఘువులో అవి 1, 2, 2 అక్షరాలుగా నిలుస్తాయి. రెండోదానిలో వరస మారి 2, 1, 2 అవుతాయి. ట్యూన్ బట్టీపట్టినవాడు రెండోసారి కూడా మొదటిదే పాడేస్తాడు. చదివి పాడేవాడు పాడడు.

లిపి చెప్పనివీ ఉన్నాయి. మామూలు అభ్యాస పుస్తకంలో 15వ మేళమైన మాయామాళవగౌళ రిషభమూ, 29వ మేళమైన శంకరాభరణం రిషభమూ ఒకే 'రి'. మొదటిది శుద్ధం, రెండోది చతుశ్రుతి. పైన రాసిన రాగం పేరు చూడకుండా స్వరం మీదికి దూకడం అడ్రసు చదవకుండా ఇల్లు వెతకడం లాంటిది.

ఇక స్వరాన్ని ఊపే, జార్చే గమకాన్ని రాయగలమా? ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారు మద్రాసులో మన సంగీతాన్ని ఐరోపా లిపిలో అచ్చువేయించి చూశారు. తర్వాత ఆయన ప్రోద్బలంతోనే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువరించారు. తమిళదేశం నడిబొడ్డున అచ్చయినా అది తెలుగు పుస్తకం. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229. ఊగే స్వరానికి అలగీత, ఎక్కే జారుకూ దిగే జారుకూ ఏటవాలు గీతలు, ఇలా ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. అంత చేసినా గురువు గొంతు వినని వాడికి ఆ అలగీత ఎంత ఊగాలో తెలియదు. తెలిసినవాడికి మాత్రం అది మరపుకు మందు.

శ్రోతల్లో ఎవరి ఇంట్లోనైనా పాత సంగీతం పుస్తకం ఉంటే ఇవాళ అట తాళం పేజీ తీయండి. స్వరం పాడవద్దు. కామాలతో సహా చేత్తో లెక్కపెట్టండి. ఆవర్తానికి 14 రావాలి. 13 వచ్చిందంటే ఒక కామా మింగేశారన్నమాట.