ఆటోజైరో నేల విడుచు వేళ



విమానము ఆకాశమునం దుండగా ఇంజను ఆగిపోయినచో ఏమగునని పెద్దలు నన్ను పలుమాఱు అడిగియున్నారు. ఎంత యెత్తున, ఎంత వేగమున ఆగినదో తెలియక దీనికి సమాధానము చెప్పరాదు. అన్నిటిలోను కష్టమైనది నేల విడిచిన తొలి అరనిమిషము. ఆ అరనిమిషమును గూర్చియే, అదియు ఆటోజైరో యను నొక జాతి విమానము విషయముననే, నేడు ముచ్చటించెదను. దీనినే జైరోప్లేను అనియు నందురు.

ఈ యంత్రమునకు ఇరుప్రక్కల స్థిరమైన ఱెక్కలు లేవు. నడినెత్తిన ఒక స్తంభముపై పొడవైన ఱెక్కలు గిఱ్ఱున తిరుగుచుండును. వానికి రోటరని పేరు. హెలికాప్టరునందువలె, గాలిలో నున్నప్పుడు ఈ రోటరును ఇంజను త్రిప్పదు. ఇంజను పంఖాను త్రిప్పి యంత్రమును ముందుకు నడుపును; క్రిందినుండి ఎదురుగా వచ్చు గాలియే రోటరును త్రిప్పును. గుగ్గిలపు కాయ చెట్టునుండి రాలునపుడు గిరగిర తిరుగుచు మెల్లగా దిగుట చూచినవారి కిది సులభముగా బోధపడును. కావున ఇంజను ఆగినను రోటరు ఆగదు.

దీనిని కల్పించినవాడు స్పెయిన్ దేశీయుడగు హువాన్ డి లా సియెర్వా. 1919లో ఆయన నిర్మించిన మూడింజనుల విమానము నేలకు చేరువగా వేగము తగ్గి కూలిపోయెను. వేగము తగ్గినను కూలని యంత్రము కావలెనని ఆయన పట్టుబట్టి, మూడు యంత్రములు విఫలమైన పిమ్మట, 1923 జనవరిలో మాడ్రిడ్ నగరము చెంత గెటాఫే మైదానమున నాలుగవదానిని ఎగిరింపజేసెను. కొలది దినములకే ఆ యంత్రము నేల విడిచిన వెంటనే ఇంజను ఆగెను. ముక్కు పైకెత్తియున్న యంత్రము దొర్లిపోక మెల్లగా క్షేమముగా దిగెను. ఆ సియెర్వాయే 1936 డిసెంబరు 9న లండను దగ్గఱ క్రాయిడన్‌లో సాధారణ విమానమున ప్రయాణికుడుగా నెక్కి, పొగమంచులో అది నేల విడిచిన కొంతసేపటికే కూలుటచే మరణించుట విధి వైపరీత్యము.

గెటాఫే కథ విన్నవారు, ఆటోజైరో ఎక్కడ ఇంజను ఆగినను గొడుగువలె దిగునని తలంతురు. అట్లు కాదు. దిగునపుడు కడపటి క్షణమున పైలెటు చేతికఱ్ఱను వెనుకకు లాగి, తనకున్న ముందువేగమును ఖర్చుపెట్టి, దిగుటను అరికట్టుకొనును. ఆ వేగమే లేనిచో ఖర్చుపెట్టుటకు మూలధనము లేదు. ఎత్తు బాగుగ నున్నచో ముక్కు దించి వేగమును సంపాదించుకొనవచ్చును. 100 అడుగుల ఎత్తున నెమ్మదిగా వ్రేలాడుచున్న యంత్రము, 1000 అడుగుల ఎత్తున నున్నదానికంటె ఎక్కువ అపాయమున నున్నది.

అందుచే జాగ్రత్తగల పైలెటు నేల విడిచినతోడనే పైకి ఎగబ్రాకడు. చూచువారికి అట్లెగయుట సొంపుగా నుండునుగాని, నాకది మెచ్చదగినదిగా తోచదు. మొదట రోటరును చాలినంతగా త్రిప్పుకొనవలెను. అది మందముగా తిరుగుచుండగా పరుగు హెచ్చించినచో ఱెక్కలు పైకి క్రిందికి కొట్టుకొని యంత్రమునే బోర్లించును. నేల విడిచిన పిదప కొద్ది అడుగుల ఎత్తుననే సాగుచు, ఆ యంత్రమునకు నిర్ణయించిన వేగము వచ్చువఱకు ఓపికపట్టవలెను. నేటి యంత్రములు పెక్కింటికి అది గంటకు ఇంచుమించు 60 మైళ్లు.

ఇక ఇంజను ఆగెననుకొందము. ఆలోచించుటకు రెండుమూడు క్షణములే వ్యవధి. చేతికఱ్ఱను వెంటనే, కాని కుదుపులేకుండ ముందుకు వంచి వేగమును నిలుపుకొనవలెను. కంగారున బలముగా త్రోసినచో రోటరుపై భారము తగ్గి అది మందగించును. అది మఱియొక మృత్యువు. పిదప ఎదుటనున్న నేలపైననే, కొంచె మిటునటు తప్పించుకొనుచు, దిగవలెను. వెనుకకు మరలి మైదానము చేరవలెననెడి ఆశ మిక్కిలి బలమైనది. లెక్క చూడుడు: ఇంజనులేని ఆటోజైరో ఒక అడుగు దిగులోపల మూడు నాలుగడుగులు మాత్రమే ముందుకు సాగును. 200 అడుగుల ఎత్తున నున్నవానికి 600 మొదలు 800 అడుగుల దూరమే మిగిలియున్నది. మలుపులోనే అది యంతయు వ్యయమగును.

పూర్తిగా ఆగిన ఇంజనుకంటె కొనయూపిరితో నున్న ఇంజను నాకు ఎక్కువ భయము గొల్పును. ఆగినది ఆశ చూపదు. దగ్గుచు తడబడుచు నడచునది, మఱి కొంచెము దూరము పోగలవని మోసపుచ్చి, ఎదుట మంచి బీడు భూమి యుండగా దానిని దాటించి చెట్లమీదికి తీసికొనిపోవును.

ఇన్ని సంగతులు రెండు క్షణములలో తర్కించుట ఎవరికిని సాధ్యము కాదు. కనుకనే పైలెటు పరుగునకు ముందే, నేలపై నిలిచియుండగనే తీర్పు చెప్పుకొనును. ఫలానా గుఱుతు దాటులోపల నేల విడువనిచో ఇంజను తగ్గించి ఆగెదను. ఇంత యెత్తులోపల ఇంజను ఆగినచో ఆ ఎదుటి చేనిలో దిగెదను. వెనుకకు మరలను, అని. దీనిని పైకి ఉచ్చరించుట మంచి అలవాటు. చేను పాడగునే, యంత్రము విఱుగునే యని అప్పుడు చింతింపరాదు.

ఇట్టి యంత్రము ఎవరి చేనిలోనైన దిగినచో చూచువారు చేయవలసిన దొకటి కలదు. సహాయము చేయ నుద్దేశించి వెంటనే పరుగెత్తుకొని పోరాదు. దిగిన తరువాతకూడ రోటరు చాలసేపు తిరుగుచుండును. మందగించినకొలది ఱెక్కల కొనలు క్రిందికి వ్రాలి మనిషి తల యెత్తునకు రావచ్చును. పిల్లలను, పశువులను దూరముగా నిలిపి, లోపలివాడు చేయి ఊపినను సరే, ఱెక్కలును పంఖాయును పూర్తిగా నిలిచిన పిదపనే సమీపింపవలెను.